గోడ అవతలి బాకా

మా అన్నయ్య పేరు సతేకి. వాడు బాకా ఊదితే చర్చి కప్పు మీది పావురాలు కూడా బెదిరేవి కావు. అంత మెత్తగా ఊదేవాడు. మా ఊరి చర్చి బ్యాండుకు నాన్నే మాస్టరు. మీసం రాకముందే అన్నయ్య ఆ బ్యాండులో మొదటి వరసకు ఎక్కాడు.

మా టోంగా దీవుల్లో అన్నాచెల్లెళ్ళ మర్యాద వేరు. ఎదిగాక ఒక గదిలో కూర్చోకూడదు, ఒకరి ఎదుట ఒకరు పరాచికాలాడకూడదు. నేను పెద్దదాన్నయ్యాక అన్నయ్య నాతో నేరుగా మాట్లాడింది లేదు. కానీ వేటకు వెళ్ళొచ్చిన రోజున మంచి చేప ఒకటి వంటింటి గుమ్మం దగ్గర విడిగా పెట్టి పోయేవాడు. అది ఫాతైదని, అంటే నాదని, ఇంట్లో అందరికీ తెలుసు.

రేవులో సరుకు దించే పనికి కుదిరాక అన్నయ్యకు ఐస్ అనే మత్తుమందు అలవాటయింది. ఆ మత్తు పీలిస్తే నిద్ర రాదని, ఎంత పనైనా చేయొచ్చని తోటివాళ్ళు చెప్పారట. కొన్నాళ్ళకు అది లేందే పక్క మీంచి లేవలేని స్థితి వచ్చింది. మనిషి పుల్లలా అయ్యాడు. ముందు పళ్ళు పుచ్చి ఊడిపోయాయి. పళ్ళు లేని నోట బాకా నిలవదు. ఒక ఆదివారం ఊదబోతే గాలి పక్కలనుంచి పోయి వట్టి బుసబుస వచ్చింది. నాన్న అందరి ముందూ, "ఈ అవతారంతో నా బ్యాండులో అడుగుపెట్టకు" అన్నాడు. అన్నయ్య బాకాను బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గొంతులు మొదలయ్యాయి. వాననీళ్ళ ట్యాంకులో ఎవరో తన గురించి గుసగుసలాడుతున్నారనేవాడు. ఒక మధ్యాహ్నం పెరట్లో తను పడుకునే గుడిసెలో నేల పలకలన్నీ గునపంతో పెకలించాడు. "కిందే ఉన్నారమ్మా, నా పేరే చెప్పుకుంటున్నారు" అని వణికిపోతుంటే అమ్మ వాణ్ణి పొదివి పట్టుకుని కూర్చుంది. పోయిన తాత పట్టాడన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆకు పసరు పిండే ముసలాయన వచ్చి వెళ్ళాడు.

అప్పుడు దిగింది లోసెలి అత్త. నాన్నకు అక్క. పక్క ద్వీపం నుంచి ఓడలో, చంకలో తలగడ, నెత్తిన చాపచుట్టతో వచ్చింది. మాలో మేనత్త మాటంటే మాటే. ఆవిడ ముందు నాన్న కూడా గొంతు పెంచడు.

"తాత పట్టాడా, దయ్యం పట్టిందా నాకెందుకు? పసరు పోసేవాణ్ణి పొయ్యమనండి, మాత్రలిచ్చే డాక్టర్ని ఇయ్యమనండి. ఏది పనిచేస్తే దానికి మొక్కుతా. లేరా, పట్నం వెళ్దాం."

"రానత్తా. దారిలో వాళ్ళుంటారు."

"ఉండనీ. నన్ను దాటి రావాలిగా. నా ఒళ్ళు చూశావా, సందులో సగం నేనే!"

అన్నయ్య లేచాడు. పట్నం ఆసుపత్రిలో కొన్ని వారాలుంచారు. అత్త మంచం పక్కనే చాప పరుచుకుంది. తిరిగొచ్చేసరికి గొంతులు తగ్గాయి గానీ, మాత్రల వల్ల చేతులు వణికేవి. గుడిసెకు నేల లేదు కాబట్టి ఇంటి వెనకగదిలో పడుకోబెట్టారు. నా గదికీ ఆ గదికీ మధ్య ఒక్క పలకల గోడ.

మర్యాద చెడుతుందని నన్ను పిన్ని ఇంటికి పంపాలనుకుంది అమ్మ. అత్త ఒప్పుకోలేదు.

"గోడ ఉందిగా? వాడు అటు, ఇది ఇటు. ఒసే ఫాతై, వాడితో మాట్లాడకు. కానీ అవతల నువ్వున్నావని వాడికి తెలియాలి."

ఎలా తెలియజేయను? దగ్గితే బాగుండదు. పాడదామంటే నా గొంతు నాకే నచ్చదు. చివరికి నాన్న పెట్టె పైన పడేసిన అన్నయ్య బాకా తీశాను. బళ్ళో కాస్త నేర్చుకున్నాను, అంతే. ఆదివారం పాడే కీర్తన ఒకటి ఊదాను. దూడ అరిచినట్టొచ్చింది. అవతల చడీచప్పుడూ లేదు. మర్నాడూ ఊదాను, ఆ మర్నాడూ ఊదాను. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

ఒక సాయంత్రం కీర్తన మధ్యకొచ్చేసరికి గోడ మీద దబదబా బాదిన చప్పుడు.

"అత్తా! ఆ పిల్లకి చెప్పు! అక్కడ మూడో మీట కాదు, రెండోది! చంపుతోంది కీర్తనని!"

ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు అంత పొడుగు మాట మాట్లాడలేదు. గుమ్మంలో కూర్చుని చాప అల్లుకుంటున్న అత్త తాపీగా ఇటు తిరిగింది.

"ఏమే, రెండో మీటట."

"వినబడింది, అత్తా."

"వినబడిందట్రా."

అలా సాగింది మా పాఠం. నేరుగా మాట్లాడకూడదు కాబట్టి ప్రతి మాటా అత్త నోటి మీదుగా నడిచేది. "శ్వాస కడుపులోంచి తియ్యమను." "కడుపట." "పెదాలు బిగించొద్దను." "బిగించొద్దట. నాకే వచ్చేట్టుంది ఈ విద్య!" అనేది అత్త. గోడ అవతల అన్నయ్య నవ్వాడు. వంటింట్లో అమ్మ గరిట కింద పెట్టి వింటూ నిలబడిపోయింది.

బాగుపడుతున్నాడనుకుంటుండగా ఒక రోజు రేవు స్నేహితులు కారులో వచ్చి హారన్ కొట్టారు. అన్నయ్య వెళ్ళిపోయాడు. మర్నాటికీ రాలేదు. "చెప్పానా, వాడింతే" అన్నాడు నాన్న. అత్త చాప చుట్టి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టింది.

"పోయి తీసుకురా. వాడు లేకుండా ఈ గుమ్మం తొక్కావో, నువ్వు నాకు తమ్ముడివే కాదు."

నాన్న రేవంతా తిరిగాడు. ఓడల గోదాము వెనక ఇనపడబ్బాల మధ్య అన్నయ్య దొరికాడు. ముఖం ఎత్తలేదట. "మళ్ళీ పీల్చాను నాన్నా. వదిలెయ్" అన్నాడట.

నాన్న వాడి పక్కనే చతికిలబడ్డాడు. "వదిలేస్తే నేనెక్కడికి పోనురా? మీ అత్త నన్ను ఇంట్లోకి రానివ్వనంది." మళ్ళీ తనే, "ఆ ఆదివారం నీతో నేనలా అనుండకూడదు" అన్నాడు. అత్త ముందు తప్ప ఎవరి ముందూ తగ్గని మనిషి. అన్నయ్య ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ మాత్రలు. ఈసారి వెంట నాన్న వెళ్ళాడు. పలకలు తెచ్చి గుడిసెకు నేల కూడా తనే వేశాడు.

కొన్ని నెలలకు మా కొత్త చర్చి హాలు ప్రారంభం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ బ్యాండులన్నీ వస్తాయి. నా వాయింపు విని నాన్న, ఏమీ తెలియనట్టు, "నీకిది ఎవరు నేర్పారే?" అన్నాడు. "గోడ" అన్నాను. ఆ వారమే ఆయన బ్యాండు అభ్యాసం మా పెరట్లోకి మార్చి, తను బ్యాండును నడిపించే మాస్టరు పుల్ల అన్నయ్య చేతిలో పెట్టాడు. నాకు మొదటి బాకా స్థానం ఇచ్చారు. అన్నయ్య నా వైపు చూడాలంటే ఇబ్బంది పడ్డాడు. అత్త తేల్చేసింది: "బ్యాండులో అన్నలూ చెల్లెళ్ళూ ఉండరు. మాస్టరూ, బాకాలూ ఉంటాయి. కానియ్యండి!"

ప్రారంభం రోజున, వేడుకలకు మా ఆచారం ప్రకారం, అందరం నడుములకు చాపలు కట్టి వరసలు తీరాం. అన్నయ్య ముందుకు రాగానే జనంలో, "ఐస్ సతేకి కదూ?" అని ఎవరో అన్నారు. వాడికీ వినబడింది. పుల్ల ఎత్తాడు. అది గాలికి ఊగే రెల్లులా వణికింది. ఒకడు కిసుక్కున నవ్వాడు.

అన్నయ్య పుల్లను కింద పెట్టేశాడు. రెండు చేతులూ బార్లా చాపి, అలను ఎత్తినట్టు పైకెత్తాడు. అంత పెద్ద కదలికలో వణుకు ఎవరికి కనబడుతుంది? బ్యాండు ఒక్కసారిగా లేచింది. నేనొక్కదాన్నే ఊదాల్సిన చోట వాడు నా కళ్ళలోకి సూటిగా చూశాడు. ఊదు, అన్నాయి ఆ కళ్ళు. ఊదాను. కడుపులోంచి తీశాను. పెదాలు బిగించలేదు.

కీర్తన ముగిసేసరికి హాలు హోరెత్తింది. లోసెలి అత్త ఆ ఒంటితోనే మధ్యకొచ్చి, చేతులు తిప్పుతూ, కళ్ళెగరేస్తూ గంతులేసింది. ముసలమ్మలందరూ ఆవిడ వెనక. అన్నయ్య పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. అత్త వాణ్ణి అంతటితో వదల్లేదు. చెవి పట్టుకుని లాక్కొచ్చి, "వీడు నా తమ్ముడి కొడుకు! ఏమన్నా అంటారా ఇప్పుడు?" అని నలుగురికీ చూపించింది.

మాత్రలు ఇప్పటికీ వేసుకుంటాడు. మనసు బరువెక్కిన రోజున దాచకుండా, "ఇవాళ బాగాలేదు నాన్నా" అంటాడు. ఇద్దరూ కలిసి చేపలకు పోతారు. రేవు స్నేహితుల్లో ఒకడు పోయిన నెల అభ్యాసానికి వచ్చి వెనక నిలబడితే, అన్నయ్య వాడికి తాళాలిచ్చి మోగించమన్నాడు.

నాన్న పెద్ద డ్రమ్ముకు మారాడు. మొన్న అభ్యాసానికి ఆయన ఆలస్యంగా వచ్చాడు. అన్నయ్య వాయింపు ఆపించి, "డ్రమ్ము లేకుండా నడవమంటారా బ్యాండుని?" అన్నాడు గట్టిగా.

నాన్న టోపీ తీసి, "తప్పయింది మాస్టారూ" అని పరుగున వరసలోకొచ్చాడు.