హంసల దూలం

మీరావలి స్పెయిన్‌కు పోయింది రాతి మంటపం నిలబెట్టడానికి, సముద్రం చూడడానికి కాదు. ఆ మాట అతను నంద్యాలలో చెప్పాడు, ఆళ్లగడ్డలోనూ చెప్పాడు. విన్నవాళ్లంతా తలూపి, "అయితే బీచి పక్కనే ఉంటావంట గదప్పా" అన్నారు.

అతని ఇల్లు నంద్యాలలో. ఇరవై ఎనిమిదేళ్లుగా పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డకు, రామయ్య శిల్పశాలకు వస్తున్నాడు. ఉలి పట్టడం అతనికి రాదు. చెక్కిన రాయిని లేపడం, మోయించడం, వెంట్రుకవాసి తేడా లేకుండా దించి కూర్చోబెట్టడం అతని పని. చైన్ పుల్లీ, నాలుగు దుంగలు, ఒక గడ్డపార, మాట వినే కూలీలు ఉంటే చాలు, ఎంత రాయినైనా చప్పుడు కాకుండా దించుతాడని పేరు.

ఆ మంటపాన్ని రామయ్య పదకొండు నెలలు చెక్కాడు. నాలుగు స్తంభాలు, వాటి మీద నాలుగు దూలాలు, ఆపైన కప్పు రాళ్లు. దూలాలకు లోపలి వైపూ బయటి వైపూ హంసల వరుస. ఒక హంస ముక్కు ముందు హంస తోకను తాకీ తాకనట్టుంటుంది. ఏ మూల నిలబడి చూసినా అన్నీ ప్రదక్షిణంగా ఒకదాని వెంట ఒకటి నడిచిపోతున్నట్టు కనిపించాలి. స్పెయిన్‌లో, సముద్రం ఒడ్డున హోటల్ నడుపుకుంటున్న సింధీ సేఠ్ ఒకాయన దాన్ని తన హోటల్ ముంగిట్లో పెట్టుకోవాలనుకున్నాడు. బేరం కుదిర్చింది రామయ్య అల్లుడు సందీప్. కంప్యూటరు పనులు, ఉత్తరాలు, ఓడకెక్కించే కాగితాలు అన్నీ అతనే చూస్తాడు. రామయ్యకు మోకాళ్లు సహకరించవు. పోవలసింది మీరావలే.

యాభై ఒకటో ఏట మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్నాడు. వీసా కోసం హైదరాబాదుకు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. రాళ్లు రాసుకుని రాసుకుని అరిగిపోయిన అతని వేళ్లకు ముద్రలు పడలేదు. గాజు పలక మీద వేలు పెట్టినప్పుడల్లా యంత్రం కుయ్యిమనేది. "గట్టిగా నొక్కండి" అనేది అక్కడి అమ్మాయి. రెండు టన్నుల రాయిని ఆపిన వేలు అంతకంటే గట్టిగా ఎట్లా నొక్కుతుందో అతనికి తెలియలేదు. చివరికి పదిహేను రోజుల వీసా ఇచ్చారు. ఒక్క రోజు కూడా ఎక్కువ లేదు.

ఊరి పేరు విల్యహొయోసా. ఎంత ప్రయత్నించినా ఆ పేరు మీరావలి నోరు తిరగలేదు. ఆళ్లగడ్డలో అందరూ దాన్ని "ఉయ్యాల ఊరు" అన్నారు. చూస్తే మనిషి ఎక్కడివాడక్కడ నిలబడిపోయే ఊరు. సముద్రానికి ఎదురుగా ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. ఒకటి పసుపు, ఒకటి నీలం, పక్కది పండిన మిరపకాయ రంగు, ఆ పక్కది లేత పచ్చ. పూర్వం చేపలకు పోయినవాళ్లు సముద్రంలోంచే తమ ఇల్లు గుర్తుపట్టడానికి ఇట్లా రంగులు వేసుకున్నారని చెప్పుకుంటారని సేఠ్ హిందీలో చెప్పాడు. మీరావలి విని, "రాళ్లు ఎక్కడ దించారు?" అని అడిగాడు.

సేఠ్ ముఖం కొంచెం మారింది. "రాళ్లు రేవులోనే ఉన్నాయి భాయ్. చిన్న చిక్కు."

రాళ్లు పెట్టిన చెక్క పెట్టెలకు ముద్ర లేదు. చెక్కలో పురుగు లేకుండా వేడి పెట్టినట్టు పెట్టె మీద ముద్ర ఉండాలట. అది లేనిదే రేవు దాటనివ్వరు. మీరావలి అప్పటికప్పుడు సందీప్‌కు ఫోన్ చేశాడు.

"నేను అడిగినా గదా సందీపూ, అన్నీ సరిగా ఉండాయా అని."

"కాయితాలన్నీ సరిగానే ఉండాయి మామా. చెక్క మీద ముద్ర ఒకటే ల్యా. ఆ మాత్రానికి ఆపుతారని ఎవురనుకున్నారు?"

"ఎన్ని దినాలు పడతాది?"

"రెండు మూడు దినాలు. అంతవరకు ఊరు చూడు మామా. ఎవురికి దొరుకుతాది ఆ అదృష్టం."

మూడు రోజులయ్యాయి, ఐదు రోజులయ్యాయి. పొద్దున లేవగానే మీరావలి సేఠ్ గది ముందుకు పోయి నిలబడేవాడు. సేఠ్ తల అడ్డంగా ఊపేవాడు. మంటపం కోసం ముంగిట్లో పోసి పెట్టిన సిమెంటు దిమ్మె ఎండకు తెల్లగా మెరుస్తుండేది. దాని మట్టం ఇప్పటికి పదిసార్లు చూశాడు. చూడడానికి ఇంకేమీ లేదు. ఏ పనీ లేకుండా మూడు పూటలా ఒకరి తిండి తినడం అతనికి ఎన్నడూ అలవాటు లేదు. పసుపు రంగు అన్నంలో ఉప్పు తప్ప ఏమీ ఉండేది కాదు. భార్య హమీదాబీ కట్టిచ్చిన చెనిక్కాయల పొడి నాలుగో రోజుకే సగమైంది.

రోజూ ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చేది. హమీదాబీ పక్కనే పొరుగింటి రాములమ్మ ముఖం కూడా కనబడేది.

"కెమెరా అటు తిప్పండి. సముద్రం కనపడల్యా" అనేది హమీదాబీ.

అతను తిప్పేవాడు. అక్కడ ఇసకలో ఆడామగా అరకొర బట్టలతో పడుకుని ఉండేవాళ్లు. గబుక్కున ఇళ్ల వైపు తిప్పేవాడు.

"అబ్బా, ఎన్ని రంగులమ్మా" అనేది రాములమ్మ. "నీ పెనిమిటి నక్కను తొక్కి పోయినాడు హమీదా."

"పని మొదలు కాలేదింకా" అన్నాడు మీరావలి.

"అయితాదిలే. పనేముంది, యాడికి పోతాది. చూసుకోండి నాలుగు దినాలు" అంది హమీదాబీ. ఆమె గొంతులో సంతోషం విని అతను కెమెరాను మరో నాలుగు ఇళ్ల మీదికి తిప్పాడు. ఫోన్ పెట్టేశాక సముద్రం ఒడ్డు గోడకు వీపు ఆనించి కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

ఏడో రోజు ఆ విసుగులోనే ఊళ్లోకి నడిచాడు. తిరిగి రావడానికి పసుపు ఇంటి దగ్గర మలుపు అని గుర్తు పెట్టుకున్నాడు. వెనక్కి వచ్చేసరికి ప్రతి సందు మూలనా ఒక పసుపు ఇల్లుంది. ఒకదాని దగ్గర తిరిగితే మెట్లు, ఇంకొకదాని దగ్గర తిరిగితే చర్చి, మూడో దాని దగ్గర తిరిగితే మళ్లీ మొదటి మెట్లు. రెండు గంటలు అట్లాగే తిరిగాడు. సముద్రంలోంచి చూసి ఇల్లు గుర్తుపట్టే మనుషులు ఉండిన ఊళ్లో, కాళ్ల మీద నడుస్తూ తాను దారి తప్పాడు. చివరికి జేబులో ఉన్న గది తాళంచెవి ఒక ముసలాయనకు చూపిస్తే, దాని బిళ్ల మీద పేరు చదివి, చెయ్యి పట్టుకుని హోటల్ దాకా తెచ్చి దించాడు. ఆయన పోతూ పోతూ భుజం తట్టి ఏదో అన్నాడు. మంచిమాటే అయి ఉంటుంది. మీరావలికి ఏడుపొచ్చినంత పనైంది.

పదో రోజు, బుధవారం సాయంత్రం, పెట్టెలు వచ్చాయి.

గురువారం పొద్దున క్రేన్ వచ్చింది. దాన్ని నడిపే అతని పేరు దవీద్. మన డేవిడే. పని తెలిసిన మనిషి. మీరావలి వేలు కదిపితే కొక్కెం అంత మేరకే కదిలేది. ఇద్దరికీ ఒక్క మాట కలవకపోయినా సాయంత్రానికి నాలుగు స్తంభాలు నిలబడ్డాయి. ఆ రాత్రి మీరావలి కడుపు నిండా తిన్నాడు.

శుక్రవారం దూలాలు. పొద్దున రెండు ఎక్కాయి. రెండు గంటలకు దవీద్ క్రేన్ ఆపి, తినడానికి పోతున్నానని నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపించి, ఐదు వేళ్లు ఎత్తాడు. ఐదు నిమిషాలనుకున్నాడు మీరావలి. ఐదు గంటలకట. ఊరంతా తలుపులేసుకుంది. ఎండలో దూలం పక్కనే కూర్చున్నాడు. ఐదున్నరకు పని మొదలై మూడో దూలం కూర్చునేసరికి ఏడైంది. ఆ వీధిలో క్రేన్‌కు ఏడు దాకే అనుమతి. దవీద్ తాళం తిప్పేశాడు.

"దూలాల్లో ఒక్కటే మిగిలింది. అర్ధగంట పని" అని మీరావలి తెలుగులో, హిందీలో, చేతులతో చెప్పాడు. ఎండ ఇంకా మధ్యాహ్నంలాగే ఉంది. దవీద్ గడియారం చూపించి, నొచ్చుకున్నట్టుగా "లూనెస్" అన్నాడు. లూనెస్ అంటే సోమవారమని సేఠ్ చెప్పాడు. శని, ఆదివారాల్లో ఆ వీధిలోకి క్రేన్ రానివ్వరు. సోమవారం తెల్లవారే మీరావలి విమానం, ఆ రోజుతో వీసా సరి.

"ఒక్క రోజు పెంచమని అడగండి సేఠ్."

"అది నా చేతిలో లేదు భాయ్. ఒక్క దూలం, ఆపైన కప్పు రాళ్లే కదా. వీళ్లు పెడతారు."

మీరావలి ఎర్రరంగు తెప్పించి, దూలం నడినెత్తిన పెద్ద బాణం గీశాడు. ఆళ్లగడ్డలో బాణం అంటే ఈ ముఖం బయటికి రావాలని అర్థం. దవీద్ చెయ్యి పట్టుకుని స్తంభాల చుట్టూ తిప్పాడు. హంసలను చూపించి, తానే మెడ సాచి హంసలాగా మంటపం చుట్టూ నడిచాడు. దవీద్ నవ్వి, తానూ మెడ సాచి అతని వెనకే నడిచాడు. అర్థమైందని గుండె మీద చెయ్యి వేసి చెప్పాడు. మీరావలికి సగం ధైర్యం వచ్చింది. శని, ఆదివారాలు మిగతా సగం కోసం ఆ దూలం పక్కనే గడిపాడు.

నంద్యాలకు వచ్చేసరికి ఇంటినిండా జనం. చాగలమర్రి నుంచి హమీదాబీ అన్న కుటుంబం కూడా వచ్చింది. సముద్రం ఎట్లుంది, ఇండ్లు ఎట్లుండాయి అని అందరూ అడిగారు. మంటపం ఎట్లుందని ఒక్కరూ అడగలేదు. "బాగుంది" అని అన్నింటికీ ఒకే జవాబు చెప్పి పడుకున్నాడు.

బుధవారం శిల్పశాలలో ఉండగా సందీప్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "ఫోటో వచ్చినాది మామా. అద్దిరిపోయింది."

వెనక రంగురంగుల ఇళ్లు, నడుమ నీలం సముద్రం, ముందు నల్లరాతి మంటపం. పైన కప్పు రాళ్లు కూడా ఎక్కించేశారు. మీరావలి వేలితో ఫోటోను పెద్దది చేశాడు. నాలుగో దూలం తిరగబడింది. బయటికి ఉండవలసిన ముఖం లోపలికి పోయింది. మూడు దూలాల హంసలు ఒక దారిన పోతుంటే నాలుగో దూలం హంసలు ఎదురు వస్తున్నాయి. మూల దగ్గర రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డాయి.

అతను వెంటనే సేఠ్‌కు ఫోన్ కలిపాడు. సోమవారం దవీద్‌కు వేరే ఊళ్లో పని పడిందట. మరొకడు వచ్చాడు. ఆ బాణం మంటపం లోపలి దిక్కు చూపిస్తోందనుకున్నాడట.

"కప్పు దించి తిప్పించండి సేఠ్. నాలుగు గంటల పని. ఫోన్‌లో నేను చూపిస్తాను."

"భాయ్, వచ్చినవాళ్లంతా దాని ముందే ఫోటోలు దిగుతున్నారు. శనివారం అందులోనే పెళ్లి. ఎవరికీ తేడా తెలియడం లేదు. నువ్వు చాలా బాగా చేశావు. నిశ్చింతగా ఉండు."

"పెళ్లయినాక?"

"చూద్దాంలే" అన్నాడు సేఠ్. ఆ మాట తీరులోనే అది ఎప్పటికీ జరగదని తెలిసిపోయింది.

సందీప్ తల గోక్కున్నాడు. "నేను పొద్దున్నే ఫోటో అందరికీ పంపించినా మామా. ఒక్కరు కూడా కనిపెట్టల్యా. వదిలెయ్."

"నీ పెట్టెల మీద ముద్ర ఉన్నింటే నాకు పది దినాలు మిగిలుండేవి" అన్నాడు మీరావలి. గొంతు పెంచలేదు.

రామయ్యకు చెప్పక తప్పలేదు. ఆయన అద్దాలు పెట్టుకుని ఫోటో వైపు చాలాసేపు చూశాడు. పదకొండు నెలలు ఆ ముక్కులు, తోకలు చెక్కింది ఆయనే.

"కొట్లాడుకుంటాండాయి గదప్పా" అన్నాడు చివరికి. ఫోన్ తిరిగి ఇచ్చి లోపలికి పోయాడు. ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు.

నెల గడిచింది. పగిడ్యాల రైతు ఒకాయన పొలంలో గుడి ముందు పెట్టుకోవడానికి చిన్న మంటపం అడిగాడు. రామయ్య రాయి ముందు కూర్చునేసరికి మీరావలి సుద్దముక్కతో వచ్చాడు. స్తంభాల నెత్తిన మొనల్లా పొడుచుకొచ్చే కుసులు, దూలాల కింద వాటిని పట్టే గుంటలు ఇన్నాళ్లూ అన్నీ ఒకే కొలత. అందుకే దూలం ఎటు తిప్పినా కూర్చునేది. మీరావలి దూలానికి ఒక కొసన చిన్న చదరం గీశాడు, రెండో కొసన పెద్ద గుండ్రం గీశాడు.

"ఏందీ ఇది?" అన్నాడు రామయ్య.

"ఒకటి చదరం, ఒకటి గుండ్రం. సరిగా పెడితే తప్ప దిగకూడదు."

"మా తాత కాలం నుంచి అన్నీ ఒకే మాదిరి కొడ్తాండాం. ఇది రెండింతల పని."

"మీ తాత కొట్టినవి ఉయ్యాల ఊరికి పోలేదన్నా."

"ఇది పోయేది పగిడ్యాలకు. నువ్వే పోయి నిలబెడ్తావు గదా."

"యాడికన్నా పోనీ. నేనుండేది ఎవురికి తెలుసు."

రామయ్య గొణిగాడు. ఆ గొణుగుడు వారం రోజులు సాగింది. కానీ కుసులూ గుంటలూ గీసినట్టే కొట్టాడు. అన్నీ తయారయ్యాక మీరావలి స్తంభాలను శిల్పశాల వాకిట్లోనే నిలబెట్టించి, సందీప్‌ను పిలిచాడు. సందీప్ ఎన్నడూ పుల్లీ గొలుసు ముట్టుకున్నవాడు కాదు.

"ఈ దూలం నువ్వే ఎక్కియ్."

"నాకేం తెలుసు మామా."

"తెలవదనే చెప్తాండా. నీకు తోచినట్టు పెట్టు."

సందీప్ ఇద్దరు కూలీలతో గొలుసు లాగించి, దూలాన్ని స్తంభాల మీదికి దించాడు. ఒక కొస దిగింది. రెండో కొస కుసి మీదే ఆగి, రెండంగుళాలు పైకి లేచి నిలబడింది. వాళ్లు నెట్టారు, ఊపారు. రామయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"దిగల్యా మామా" అన్నాడు సందీప్ చెమట తుడుచుకుంటూ.

"తిప్పి పెట్టు" అన్నాడు మీరావలి.

దూలాన్ని లేపి, గాలిలోనే తిప్పి, మళ్లీ దించారు. ఈసారి చప్పుడు కూడా కాలేదు.