ఎర్ర లైటు వెలిగేదాకా

గోడ మీద పిల్లి గొడుగు పట్టెనమ్మా,
గొడుగు కింద ఎలుక గోళ్ళు గిల్లెనమ్మా...

ఆ తర్వాతది అక్కకి ఎప్పుడూ గుర్తు రాదు. చిన్నప్పుడు ఆమె అక్కడికొచ్చి ఆగిపోతే, తమ్ముడు నోటికొచ్చిందేదో అందుకునేవాడు. "ఎలుక మామ వచ్చి అద్దె అడిగెనమ్మా" అన్నాడోసారి. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. వాడు సంపాదించిన మొదటి నవ్వు అది. రేకు డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

పెద్దయ్యాక స్టేజీ ఎక్కి జనాన్ని నవ్వించడమే వాడి బతుకుతెరువైంది. వచ్చిన నవ్వులన్నీ ఇంటికే తెచ్చుకునేవాడు. అటక మీద, బీరువాలో, మంచం కింద అవే. అక్క చీపురు పట్టుకుని "జరగండర్రా" అంటే కిచకిచలాడుతూ పక్కకి జరిగేవి.

జుట్టు నెరిశాక సైకిల్ షాపు పైన గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు కొత్తవాళ్ళ చేత జోకులు చెప్పించడం మొదలుపెట్టాడు. వెనక గోడకి ఎర్ర లైటు. అది వెలిగితే టైమైపోయింది, దిగిపోవాలి. స్విచ్చి తమ్ముడి చేతిలో ఉండేది. ఎవరైనా చెమటలు కక్కుతూ నిలబడిపోతే మాత్రం వాడు దాని జోలికి పోడు.

"ఒక్క నవ్వైనా విని దిగాలక్కా. నిశ్శబ్దంలో దిగినవాడు మళ్ళీ ఎక్కడు."

అని జేబులోంచి ఒక నవ్వు తీసి వదిలేవాడు. అది కుర్చీల మధ్య తిరిగి, అందరికీ అంటించి, కిటికీలోంచి ఎగిరిపోయేది. ఇక ఇంటికి రాదు.

అలా ఇల్లంతా ఖాళీ అయింది. డబ్బాలోది ఒక్కటే మిగిలింది. ఇప్పుడు తమ్ముడు మంచం దిగలేడు. రోజూ సాయంత్రం అక్క మూత కొంచెం తీసి చెవి దగ్గర పెడితేనే వాడి ఆయాసం తగ్గుతోంది.

"ఇవాళ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే అమ్మాయి స్టేజీ ఎక్కుతుంది" అన్నాడు. "ఇంతవరకూ ఒక్కరూ నవ్వలేదు పాపం. ఇవాళా అంతే అయితే మానేస్తానంది. నువ్వెళ్ళి లైటు దగ్గర కూర్చో. డబ్బా తీసుకెళ్ళు."

"ఇదీ ఇచ్చేస్తే నీకేం మిగులుతుందిరా?"

"నువ్వున్నావుగా."

"నేనా? నేను నవ్వి ఎన్నేళ్ళయిందో!"

"మరింకేం, నీ నవ్వు అరిగిపోలేదు. తీసుకెళ్ళక్కా."

సైకిల్ షాపు పైన గదిలో అక్క కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కుర్చీ మార్చింది. మూత తడిమింది. వాడొక్కడే ఉన్నాడు, దాహమేస్తే ఎవరిస్తారు? ఈ పిల్లే ఎలాగోలా నవ్విస్తే డబ్బా అలాగే ఇంటికి తీసుకుపోవచ్చు కదా అనుకుంది.

అమ్మాయి మైకు పట్టుకుంది. "నేను ఎక్స్‌రేలు తీస్తాను. మనుషుల లోపల ఏముందో నాకు తెలుసు. ఏమీ లేదు."

ఎవరో దగ్గారు. ఇంకో జోకు. ఇంకెవరో కుర్చీ జరుపుకున్నారు. అమ్మాయి మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

ముందు వరుసలో కుర్రాడు వెనక్కి తిరిగాడు. "అత్తా, టైమైపోయింది. లైటెయ్యి."

అక్క వేలు స్విచ్చి మీదికి పోయింది. నొక్కితే చాలు, ఎవరూ తప్పు పట్టరు, డబ్బా తన ఒళ్ళోనే ఉంటుంది. తలెత్తి చూస్తే అమ్మాయి కూడా ఆ లైటు వంకే చూస్తోంది, వెలిగితే బతికిపోతానన్నట్టు.

అక్క స్విచ్చి వదిలేసి మూత తీసింది.

చిన్నపిల్ల నవ్వొకటి గలగలమంటూ గదంతా పరుగెత్తింది. ఓరి నాయనో, నేనింత గట్టిగా నవ్వేదాన్నా అని అక్క నోరు తెరుచుకుని విన్నది.

ఎక్స్‌రే అమ్మాయి ఉలిక్కిపడింది. "హమ్మయ్య, ఒకరు ఊపిరి వదిలారు! మిగతావాళ్ళు కదలకండి, బొమ్మ సరిగ్గా పడదు."

గది గొల్లుమంది. డబ్బాలోని నవ్వు అక్క చుట్టూ ఒకసారి తిరిగి కిటికీ దాటిపోయింది. జనం మాత్రం నవ్వుతూనే ఉన్నారు. లైటు వేసినా అమ్మాయి దిగితే ఒట్టు. చివరికి దిగి, నేరుగా వచ్చి అక్క చేతులు పట్టుకుంది.

"అత్తా, వచ్చే ఆదివారం ముందు నేనే ఎక్కుతానని బాబాయికి చెప్పు."

అక్క ఖాళీ డబ్బాతో ఇల్లు చేరేసరికి తమ్ముడు ఎగశ్వాసతో ఉన్నాడు.

"ఏమైంది?"

"దిగనంటే దిగనంది, మహాతల్లి."

వాడి పెదవులు విచ్చుకున్నాయి. ఆయాసం మాత్రం తగ్గలేదు. చెవి దగ్గర పెట్టడానికి ఏమీ లేదు. అక్క తన నోరే అక్కడికి ఆనించి, గోడ మీద పిల్లిని పాడింది, గొడుగు కింద ఎలుకని పాడింది. ఆ తర్వాతది రాక, వాడు నిద్రపోయాడేమోనని ఆగిపోయింది.

కళ్ళు తెరవకుండానే అన్నాడు తమ్ముడు, అక్కతో వాడన్న ఆఖరి మాట:

"ఆగావేంటక్కా? లైటింకా వెలగలేదు. కానివ్వు."