పుణ్యవతి కేక

ఆ వారం హేమచంద్రకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు, అక్కణ్ణుంచి కిటికీకి తిరుగుతూనే ఉన్నాడు. బరంపురం దుకాణాలకు ప్రకటన పాటలు కట్టడం అతని పని. ఇరవై సెకన్ల ముక్క. ఆటో మైకులో ఒక్కసారి విన్న మనిషి మర్నాడు స్నానం చేస్తూ దాన్నే కూనిరాగం తీయాలి. చీరలకు కట్టాడు, కళ్ళజోళ్ళకు కట్టాడు. పాకెట్ పెరుగు దగ్గరకొచ్చేసరికి చెయ్యి పడిపోయింది.

కొత్తగా పెరుగు ఫ్యాక్టరీ పెట్టిన ధర్మలింగం షావుకారు ఏడు బాణీలు విని ఏడూ తోసేశాడు.

"బాగున్నాయిలే. కానీ ఒక్కటీ మనిషిని గిన్నె పట్టించి ఈధిలోకి లాగడం లేదయ్యా. శుక్రవారం ఆటోలు బయల్దేరాల. నీ సేత కాకపోతే సెప్పు, కటక్ నించి తెప్పించుకుంటాను."

కటక్ పేరెత్తేసరికి హేమచంద్రకు ఒళ్ళు మండింది. గురువారం పొద్దున్న ఉక్కకు తాళలేక కిటికీ తెరిచి, హార్మోనియం మీద ఎనిమిదో బాణీ రికార్డు చేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే, రోజూ పెరుగమ్మే పుణ్యవతి కడవ నెత్తిన పెట్టుకుని సందులోకి వచ్చింది. "దొహీ..." అని ఒడియాలో లాగి, ఒక ఊపిరి తీసుకుని, "పెరుగో..." అని తెలుగులో పైకెత్తింది. ఆమె ఊపిరి తీసుకునే ఆ కాస్త వ్యవధిలోనే ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి. కేక మైకులో పడింది. చెరిపేద్దామని వెనక్కి తిప్పి విన్నాడు. మళ్ళీ విన్నాడు. చెరపలేదు.

ఆమె గొంతు వాడితే తప్పు గానీ బాణీకి పట్టా ఎవడు రాశాడని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. గాయని సాయిసుధ చేత అదే లాగుడు, అదే ఊపిరి పలికించి, కింద తబలా వేశాడు. ధర్మలింగం సగం వినకుండానే బల్ల చరిచాడు.

"ఠిక్ అఛి! బాగుంది, ఇదే గావాల!"

శుక్రవారం ఆటోలు ఊరి సందులన్నీ చుట్టబెట్టి అస్కాకు, పురుషోత్తంపూర్‌కు, పొలసరకు వెళ్ళాయి. సోమవారం పొద్దున్న హేమచంద్ర భార్య వసుధ గిన్నె పట్టుకుని వీధిలోకి పరుగెత్తి, ఉత్త గిన్నెతో తిరిగొచ్చింది.

"పుణ్యవతి అనుకున్నాను. తీరా సూస్తే మీ ఆటో."

మర్నాడూ అంతే. బుధవారం నిజంగా పుణ్యవతే కేక వేసింది. వసుధ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఎదురింటి తలుపూ తెరుచుకోలేదు. హేమచంద్ర ఇడ్లీ పళ్ళెం పక్కకు తోసేశాడు.

ఆ మధ్యాహ్నం పుణ్యవతి కడవతో మెట్లెక్కి వచ్చింది. కడవలో పెరుగు సగం కూడా తగ్గలేదు. ఇక తిట్ల దండకమే అనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"ఆ ఆటో మైకు పెట్టి అచ్చం నాలాగే అరస్తంది బాబూ. నానరిస్తే పెట్టి అనుకుంటన్నారు. నువ్వే కట్టినావంట గదా. అందరికీ కడతన్నావు, నాకూ ఇంకోటి కట్టియ్యి."

హేమచంద్రకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అదెంత పని! హార్మోనియం ముందేసుకుని ఒకదాని తర్వాత ఒకటి తొమ్మిది వినిపించాడు. ఆమె శ్రద్ధగా విని, ఒక్కోటీ గొంతెత్తి అని చూసింది. అన్నీ అరువు నగల్లాగే ఉన్నాయి.

"ఒద్దులే బాబూ," అని లేచింది. "అది మా అత్త కేక. ఆవిడికి ఆళ్ళత్త ఇచ్చినాది. మా ఇంట్ల కోడలికి ఉత్త కడవ ఇవ్వం. మూడ్రోజులు ఎనకాల తిప్పుకోని, ఏ సందులో ఎంత లాగాలో, ఎక్కడ ఊపిరి తియ్యాలో నేర్పించి, నాలుగో రోజు మన నోరు మూసుకుంటాం. మరింక అరవం. వొచ్చే నెల మా కోడలు ముత్యాలుకి ఇద్దామనుకున్నాను. ఇప్పుడేటివ్వను?"

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది గానీ ఆ ప్రశ్న గదిలోంచి కదల్లేదు. సిగ్గుతో హేమచంద్ర కూర్చోలేకపోయాడు. సాయంత్రమే ధర్మలింగం కొట్టుకు పోయి, ప్రకటన ఆపెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. డబ్బు తీసుకోకుండా ఇంకొకటి కట్టి ఇస్తానన్నాడు.

"నీకేటైనా పిచ్చా?" అని నవ్వాడు షావుకారు. "ఆటోలు ఆపుతాననుకో. పొలసర బళ్ళో పిల్లకాయలు పాడతన్నారు. ఆళ్ళ నోళ్ళు ఎవుడు మూస్తాడు?"

హేమచంద్ర కొట్టు మెట్లు దిగాడు. ఆ పాట అలా నోటికి పట్టుకోవాలనే కదా అతను కట్టింది. వారం రోజులు పుణ్యవతి సందులోకి రాలేదు. ఆటో మాత్రం రోజూ వచ్చింది. అది వచ్చినప్పుడల్లా హేమచంద్ర లేచి నిలబడేవాడు, ఎక్కడికి పోవాలో తెలియక మళ్ళీ కూర్చునేవాడు.

ఎనిమిదో రోజు పొద్దున్న సందులో కొత్త చప్పుడు. టక్... టకటక్. కిటికీలోంచి తొంగిచూశాడు. పుణ్యవతి నోరు విప్పకుండా నడుస్తోంది. నెత్తిన కళాయి పూసిన ఇత్తడి కడవ, దాన్ని పట్టుకున్న చేతి ఉంగరంతో కడవ మీద కొడుతోంది. ఒక దెబ్బ, చిన్న ఆగు, రెండు దెబ్బలు. వెనకాల కోడలు ముత్యాలు అత్త వేలినే చూస్తూ నడుస్తోంది. ఏమిటా చప్పుడని ఎదురింటి తలుపు తెరుచుకుంది. పుణ్యవతిని చూసి వసుధ గిన్నె తీసుకుని పరుగెత్తింది.

హేమచంద్ర కళ్ళు చెమర్చాయి. బతికిందిలే అనుకున్నాడు. అనుకుంటూనే కిందికి చూసుకున్నాడు. అతని కుడిచెయ్యి తనంతట తానే పోయి రికార్డు మీట మీద ఉంది.

నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. కిటికీ మూసి గడియ వేశాడు. శనివారం చెప్పుల దుకాణం పూర్ణచంద్ర వస్తాడు, ఆ పెరుగు పాటలాంటిదే తనకూ ఒకటి కావాలంటాడు. హేమచంద్ర తిరిగొచ్చి కూర్చునేసరికి అతని కుడిచేతి వేళ్ళు బల్ల మీద వాయిస్తున్నాయి. టక్... టకటక్. ఎడమచేత్తో వాటిని నొక్కిపట్టాడు. ఆగలేదు. చివరికి కుడిచేతిని తొడ కింద పెట్టుకుని, చప్పుడు సందు దాటేదాకా అలాగే కూర్చున్నాడు.