దగ్గర ముడి

ప్రెస్సు మూత దించి, కాలితో పెడల్ తొక్కి, ఆవిరి బుస్సుమని మొహాన కొట్టగానే కళ్ళు మూసుకుంది ఆవిరక్క. తెరిచేసరికి ముడతలు పడ్డ దిండు గలేబు కాస్తా సాపుగా పరుచుకుని ఉంది. దాన్ని ఎడమచేత్తో లాగి పక్కన పడేసి, కుడిచేత్తో ఇంకోటి పరిచింది. ఆ ఆసుపత్రి లాండ్రీలో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. చేరిన కొత్తలో ఎవరో సరదాకి ఆవిరక్కా అన్నారు, అదే అతుక్కుపోయింది. మనిషి పొట్టి, గట్టి. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. ఏళ్ళ తరబడి ప్రెస్సు పిడి పట్టీ పట్టీ కుడి బొటనవేలు సగమే వంగుతుంది.

గలేబులయ్యాక దుప్పట్లు. దుప్పటి మడత ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రెండు కొసలు తను, రెండు కొసలు ఎదుటి మనిషి పట్టుకుని, దులిపి, మడిచి, ఒకరి వైపు ఒకరు నడిచొచ్చి కొసలు కలపాలి. ఆ చివర్లో ఎదుటి మొహం ఎంత దగ్గరికొస్తుందంటే ఊపిరి తగులుతుంది. సరిగ్గా అక్కడే ఆవిరక్క తల దించేసుకుంటుంది. ఇన్నేళ్ళుగా ఒకే జోడీ, అయినా అంతే. పనిలో పులి, మనుషుల ముందు పిల్లి.

టీ వేళకి అందరూ బల్లల మీద కూలబడితే, ఆమె మాత్రం ఏప్రాన్ జేబులోంచి ఓ నల్ల అట్టముక్క తీసింది. మధ్యలో నీటుగా కోసిన కిటికీ. కింది అంచుకు ఓ దారం, దారానికి రెండు ముళ్ళు. ఒకటి అట్టకు దగ్గరగా, ఒకటి దారం చివర.

"అదిగో, అక్క మళ్ళీ దారం నములుతోంది. ఇంట్లో అత్త కూడు పెట్టట్లేదా ఏంటి?" అంది జోడీ మనిషి.

"పెడుతుంది. తిట్లు నంజుకోమంటుంది," అంది ఆవిరక్క. అందరూ గొల్లుమన్నారు.

ఆ అట్ట అదే ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆమె తమ్ముడు చేసిచ్చింది. సెలవు దొరికితే చాలు, అతను కెమెరా మెడలో వేసుకుని పిట్టల వెంట పడతాడు. తనకీ ఓ కెమెరా కొనాలనుందని ఆమె నసిగినప్పుడు నవ్వలేదు. ఎక్స్‌రే ఫిల్ము పెట్టె అట్ట కోసి చేతిలో పెట్టాడు. "తొందరపడి కొనెయ్యకక్కా. ముడిని పళ్ళతో పట్టుకుని, దారం బిగిసేలా అట్ట చాపి, ఒంటికంటితో చూడు. చివరి ముడితో చూస్తే కొంచెమే కనిపిస్తుంది చూశావా, అది పొడుగు లెన్సు. దూరంగా ఉన్నవాటిని పట్టుకునేది. ఇటుపక్క దగ్గర ముడి పొట్టి లెన్సు. దాంతో అయితే నువ్వే వెళ్ళి ఎదురుగా నుంచోవాలి. ఏది కావాలో ముందు నీ కంటికి తెలియాలి" అన్నాడు.

ఆమె కంటికి వెంటనే తెలిసిపోయింది. చివరి ముడే. దూరంగా నుంచుని, ఎవరికీ తెలియకుండా చూడటంలో ఎంత హాయి! బాయిలరు గొట్టం మీద వాలిన పావురాలు, ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి ఆవులింత, అన్నీ ఆ కిటికీలోకి వచ్చి కూర్చునేవి. ఆ ముడి కొరికీ కొరికీ నల్లబడి, పీచులు లేచిపోయింది. దగ్గర ముడి మాత్రం కట్టిన రోజు ఎంత తెల్లగా ఉందో ఇప్పటికీ అంతే.

పావురాల కోసమే అయితే ఆదివారాలు కూడా డ్యూటీ చేసి కూడబెట్టేది కాదు. ఆమెకి కావలసింది అత్తగారి ఫొటో. గుండె బాగా నీరసించిందని, ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు అన్నాడు. చూస్తే ఆ మనిషికి ఉన్నది ఒక్కటే ఫొటో, పింఛను కార్డు మీదది. ఆ ఫొటో తీసినవాడు తల ఎత్తమనైనా చెప్పకుండా టక్కుమని నొక్కేశాడట. "దొంగమొహం! నేనేం ఎత్తుకెళ్ళానని?" అని ఆవిడ ఇప్పటికీ మండిపడుతుంది. ఆ తర్వాత ఫొటోకని ఎవరు ఫోను ఎత్తినా చేయి అడ్డం పెట్టుకుంటుంది, లేదా గోడవైపు తిరిగిపోతుంది. ఆవిడ కొడుకు, అంటే ఆవిరక్క మొగుడు, లారీ తోలుతూ ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. వాడడిగినా లొంగలేదు.

నోరు మాత్రం అబ్బో, పుల్లవిరుపు మాటలకి పెట్టింది పేరు. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఒక్క మంచి మాట అని ఎరగదు. కానీ ప్రెస్సు దగ్గర రెండు చేతులూ కాలి ఆవిరక్క మంచాన పడ్డప్పుడు, తిడుతూనే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తిడుతూనే చిక్కు తీసి జడ వేసింది. చేతులు మానాక కూడా కొన్నాళ్ళు ఆ జడ వేయడం మానలేదు. అలాంటి మనిషి వెళ్ళిపోతే తన దగ్గర మిగిలేది ఆ దొంగమొహం కార్డేనా?

అందుకే ఓ పథకం వేసింది. పొడుగు లెన్సు కొని, వంటింటి గుమ్మం చాటునుంచి, అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కునుకు తీస్తుండగా గప్‌చుప్‌గా లాగేయాలి. ఏడాదిగా అట్టముక్కతో అదే గుమ్మం చాటున సాధన చేస్తోంది.

కెమెరాకి డబ్బు కూడడంతో ఆ రోజు మధ్యాహ్నం సెలవు అడిగి, పాత కెమెరాలు అమ్మే కొట్టుకెళ్ళింది. కొట్టతను కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఏం తీస్తారమ్మా?" అన్నాడు.

"మా అత్తని."

"అత్త ఫొటో కోసం కెమెరా కొనే కోడల్ని ఇదే చూడటం! కూర్చోండి, కూర్చోండి" అని స్టూలు లాగి వేశాడు.

మొదట చూపించినదానికి ఒళ్ళంతా బొత్తాలే. పట్టుకుంటే ఆమె బొటనవేలు అందాల్సిన చోటికి అందలేదు. రెండోది అంచుల దగ్గర రంగు పోయి, లోపలి లోహం మెరుస్తోంది. దాని వెనక ఉన్న చిన్న చక్రం సగం వంగిన బొటనవేలి కిందికి సరిగ్గా వచ్చింది. "ఇది," అంది.

"మంచిది. చెయ్యి ఒప్పుకున్నదే కొనుక్కోవాలమ్మా. లేకపోతే బీరువాలో పెట్టి మర్చిపోతారు. మరి లెన్సు?"

కూడబెట్టినదానికి ఒక్క లెన్సే వస్తుంది. పొడుగుది అడిగింది. అతను బిగించి ఇచ్చాక కొట్టు గుమ్మంలో నుంచుని వీధి అవతలి మేడ వైపు ఎత్తింది. పై అంతస్తు కిటికీలో ఎవరో ఒకావిడ కూరగాయలు తరుగుతోంది. చేయి చాపితే అందేంత దగ్గరగా ఉంది. ఆవిడ కత్తి పక్కన పెట్టి మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఉల్లిపాయలు కావవి, ఆవిడ ఏడుస్తోంది. తనను ఎవరో చూస్తున్నారని ఆవిడకు తెలియదు.

ఆవిరక్క పక్కింటి తలుపు సందులోంచి తొంగి చూస్తూ దొరికిపోయినట్టు గబుక్కున కెమెరా దించేసింది. కార్డు ఫొటో తీసినవాడు చేసింది మాత్రం ఇంకేమిటి? అడక్కుండా తీశాడు. తను చేయబోయేదీ అదే. పైగా చాటునుంచి.

"పొట్టిది ఇవ్వండి," అంది.

"దీంతో దూరం నుంచి కుదరదమ్మా. వెళ్ళి ఎదురుగా నుంచోవాలి. ఆవిడ ఒప్పుకుంటుందా మరి?"

"ఒప్పుకోకపోతే తీయను," అంది ఆవిరక్క. అన్నాక ఆ మాటకి తనకే భయమేసింది. కొన్నదంతా వృథా అయిపోవచ్చు. ఆ మొహం ఎప్పటికీ తన దగ్గర లేకుండా పోవచ్చు. అయినా సంచీ గుండెలకు హత్తుకుని బస్సెక్కింది.

ఇంట్లోకి అడుగు పెట్టిందో లేదో కుర్చీలోంచి వినబడింది. "ఏమే, పెందరాళే ఊడిపడ్డావు? ఉద్యోగం ఊడిందా?"

"కెమెరా కొన్నాను అత్తా."

"కొన్నావూ? ఎవరి అందం చూసుకోడానికో!"

ఆవిరక్క సంచీ కింద పెట్టింది. "అత్తా... నీ ఫొటో తీసుకోనా?"

అత్తగారు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "ఏడాదిగా గుమ్మం చాటునుంచి ఆ అట్టముక్కతో నన్ను చూస్తున్నావు. నిద్రపోతున్నాననుకున్నావటే?"

"మరి... ఏమీ అనలేదేం?"

"నువ్వైనా అడుగుతావేమో చూద్దామని," అంది అత్తగారు. "ఆ కార్డువాడు అడగలేదుగా." ఇక ఆవిడే జుట్టు సవరించుకుంది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "కానివ్వు. చీకటి పడితే నా మొహం నీకేం కనబడుతుంది?"

ఆవిరక్క కెమెరా ఎత్తింది. గోడే ఎక్కువ కనబడుతోంది. ఓ అడుగు వేసింది. ఇంకా గోడే. మోకాళ్ళు కుర్చీకి తగిలేదాకా వెళ్ళింది. అత్తగారి ఊపిరి తగిలింది. ఈసారి తల దించుకోలేదు. నొక్కింది.

అత్తగారు కెమెరా వెనక తెరమీద తన మొహాన్ని తదేకంగా చూసుకుంది. "దొంగలా లేను."

"లేవు."

"మా అమ్మలా ఉన్నాను," అంది ఆవిడ మెల్లగా. అంతలోనే గొంతు మార్చి, "ఏదీ, ఆ అట్ట ఇలా తే. నువ్వొక్కదానివే చూస్తే సరిపోయిందా?" అంది.

చివరి ముడి అందుకుంటే దారం చాపడానికి చేయి అంత దూరం పోలేదు. దగ్గర ముడిని పళ్ళులేని చిగుళ్ళ మధ్య ఇరికించుకుని, అట్ట ఎత్తి, ఒక కన్ను మూసింది. కోడలి మొహం మీద అట్ట అలాగే ఆగిపోయింది. దారం నోట్లోంచి తీసి, "ఆ కనుబొమ మీద మచ్చ ఎప్పటిదే?" అంది.

"చిన్నప్పటిది అత్తా. పెళ్ళికి ముందుదే."

"అయ్యో, ఇన్నేళ్ళూ చూడనేలేదే," అంది అత్తగారు. ముడిని మళ్ళీ నోట పెట్టుకుంటూ, "వెళ్ళి టీ పెట్టు. నిన్ను కాసేపు ఇటునుంచే చూస్తాను."

ఆవిరక్క వంటింట్లో వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తున్నారని తెలిసి కూడా సిగ్గుపడకపోవడం ఆమెకదే మొదటిసారి. తొలిసారిగా ఆ ఇంట్లో పాట లాంటిదేదో కూనిరాగం తీసింది.

రెండు గ్లాసులతో వచ్చేసరికి అత్తగారి తల ఓ పక్కకి వాలి ఉంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. "అత్తా, టీ," అంది. మళ్ళీ అంది. గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు దగ్గర వేలుంచింది. ఏడుపు పొంగుకొచ్చింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే జారిన కళ్ళజోడు సరిచేసింది.

అత్తగారి ఒళ్ళో నల్ల అట్టముక్క వంటింటి వైపు తిరిగి ఉంది. దాని దారానికి దగ్గర ముడి ఇంకా తడిగానే ఉంది.