బూడిద చేట

పొయ్యిలో బూడిద జల్లించి చేటనిండా పోసి, అరచేత్తో నున్నగా పామి, బొగ్గు నలుసు కనిపించిన చోటల్లా గోటితో ఏరి పారేసింది ఎస్నాతి. చర్చి నల్లబల్లను చెదలు తినేసి చాలా వానలు దాటాయి. కొత్తది పంపిస్తామన్న మిషను వాళ్లు పంపిస్తూనే ఉన్నారు. అంచేత పిల్లలు చర్చి అరుగు మీద కూర్చుని బూడిదలోనే వేలితో దిద్దుకుంటారు. తప్పుపోతే చేటను ఒక్క కుదుపు కుదిపితే సరి, మళ్లీ కొత్త పలకే.

జీతం లేని టీచరు. జొన్నలు దంచి దంచి కణుపులు లావెక్కిన వేళ్లు, అతుకుల గుడ్డ, పొగకు ఎర్రబడిన కళ్లు. ఆ కళ్లు ఎప్పటినుంచో ఎర్రగానే ఉన్నాయి. ఊరు వాటిని చూడటం మొదలుపెట్టింది మాత్రం ఈ మధ్యనే.

అందుకు కారణం లెజీతా కూతురు తమాండ. ఒకరోజు నిద్ర లేస్తూనే, "రాత్రంతా టీచరవ్వ దగ్గరే ఉన్నానమ్మా. చేట ముందర కూర్చోబెట్టి నేర్పింది," అంది. ఇంకో ఊళ్లో అయితే కల వచ్చిందనుకుని ముఖం కడిగేవారు. మా వైపు మంత్రగత్తెలు పసివాళ్లను చేటలో ఎక్కించుకుని ఆకాశాన తిప్పుతారనీ, తమ విద్య నేర్పుతారనీ పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. పిల్ల నోట చేట మాట వచ్చాక ఇక సాక్ష్యం ఎందుకు?

బోరింగు దగ్గర ఆడవాళ్లు మాటలు ఆపేశారు. ఒకావిడ ఎస్నాతి పాదాలు చూసి, "టీచరమ్మ కాళ్లకు దుమ్మే అంటదు చూశారా! నడిచేవాళ్లకు కదా అంటేది," అంది.

"కడుక్కున్నానే తల్లీ. నువ్వూ కడుక్కుంటే తెలిసేది," అంది ఎస్నాతి. ఎవరూ నవ్వలేదు.

ఇల్లు చేరేసరికి పక్కింటి ఫలేసి గిన్నెడు చిక్కుడు గింజలు ఉడికించి తెచ్చిచ్చింది. ఎస్నాతి తీసుకుంది. ఫలేసి అటు తిరగగానే నాలుగు గింజలు కోడికి వేసి, దాన్నే చూస్తూ నిలబడింది.

"కోడి బతికిందా వదినా?" దడి అవతల నుంచి ఫలేసి గొంతు.

ఎస్నాతికి తల కొట్టేసినట్టయింది.

"సిగ్గెందుకులే. నీ ఇంటినుంచి వచ్చిన గిన్నె నేనూ రెండుసార్లు తోముతున్నాను," అంది ఫలేసి. ఇద్దరికీ నవ్వొచ్చింది. మధ్యలోనే ఇద్దరూ ఆపేశారు.

అరుగు మీద పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే వచ్చారు. ప్రార్థన చెప్పించి, పాట పాడించి పంపేసింది. అందరూ వెళ్లాక తమాండ వచ్చింది, నీళ్ల బిందె పొద చాటున పెట్టి.

"ఇంటికి పో తల్లీ, ఎవరైనా చూస్తారు."

"పేరు రాసి పోతా." నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరమే లాగుతోంది.

"మళ్లీ కలలో కనిపించానా?"

"ఊఁ. అమ్మకు చెప్పలేదు. చెప్తే ఏడుస్తుంది."

ఆదివారం కొండ అవతలి మందులవాడు వస్తాడు. పిల్లకు అంటిన విద్య విరవడానికని నుదుట బ్లేడుతో గీసి మందు కూరుతాడు. రాత్రిళ్లు ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేదాకా వదలడు. ఆ గీతలున్న పిల్లతో ఎవరూ ఆడరు, పెరిగాక ఎవరూ ఏలుకోరు.

మధ్యాహ్నం ఊరిపెద్ద పిలిపించాడు. ఎస్నాతి చాప మీద కూర్చుని, పెద్దల ముందు చేసే మర్యాదగా చేతులు చరిచి దణ్ణం పెట్టింది. ఎదురుగా లెజీతా.

"లెజీతా, నీకూ ఈ చేట మీదే కదే నేర్పాను!"

"నేర్పావు. కానీ నాకు అట్లాంటి కలలు రాలేదు." కళ్లు తుడుచుకుంది లెజీతా. "నా బిడ్డ అబద్ధమాడదు అవ్వా."

"రాత్రిళ్లు పిల్లను తీసుకెళ్లావా, లేదా? ఆ ఒక్క మాట చెప్పు," అన్నాడు ఊరిపెద్ద.

తీసుకెళ్లలేదని చెబితే నిజం తేల్చడానికి పిల్ల నుదురే దిక్కు. ఎస్నాతి కాసేపు చాప అంచు పీకింది.

"నేను ఊళ్లో లేకపోతే పిల్లను గీయించక్కర్లేదు కదా?"

"నేర్పేవాళ్లు లేకపోతే విద్య దానంతటదే ఆరిపోతుంది."

"అయితే మా అక్క ఊరు పోతాను."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"పోతానన్నాను పెద్దయ్యా. నేనన్నది అంతే."

పొద్దు వాలకముందే సైకిలు బాడుగకు మాట్లాడుకుంది. వెనక సీటు మీద మూటా, బైబిలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడిని ఫలేసికిచ్చింది. దారి పొడుగునా తలుపులు మూసి ఉన్నాయి, వాటి సందుల్లో కళ్లున్నాయి.

తెల్లారి లెజీతా కిరసనాయిలు డబ్బా పట్టుకుని అరుగెక్కింది, ఆ చేటను తగలబెట్టడానికి. బూడిదలో కూతురి పేరు ఉంది. చివరి అక్షరం తిరగబడి ఉంది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత, తను పిల్లప్పుడు నేర్చుకున్నట్టే, రెండు చేతులా చేటను ఎత్తి ఒక్క కుదుపు కుదిపింది. పేరు పోయింది. అప్పుడుగానీ తను చేస్తున్నదేమిటో తెలిసిరాలేదు. చప్పుడు కాకుండా దించేసి, డబ్బా తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

చేట మాత్రం అరుగు మీదే ఉంది, నున్నటి బూడిదతో, వేలు పెట్టడమే తరువాయిగా.