బావగారి పుచ్చని పన్ను

పళ్ల డాక్టరుగారికీ, చరిత్ర మాస్టారికీ వియ్యం కుదిరినప్పుడు బంధువులు తెగ ముచ్చటపడ్డారు. ఒకాయన అందరి చేతా నోరు తెరిపిస్తారు, ఇంకొకాయన తెరిచిన నోరు మూయరు, జోడీ భలే కుదిరిందన్నారు. ఓ ఆదివారం భోజనాల దగ్గర అణుబాంబు సంగతి రాకపోయి ఉంటే జోడీ అలాగే సాగిపోయేది.

ఆ సంగతి ఎత్తింది డాక్టరుగారే. ముందురోజు టీవీలో ఏదో చూసి, అది అరిగేదాకా ఆగలేకపోయారు.

"ఎవరేమన్నా అనండి బావగారూ, హిరోషిమా మీద బాంబు వేయబట్టే యుద్ధం ఆగింది. లేకపోతే ఇంకో ఏడాది సాగేది. రెండు వైపులా లక్షల మంది పోయేవాళ్ళు," అన్నారు కూర వడ్డించుకుంటూ.

మాస్టారు ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డారు. "బడికి పోయే పిల్లలూ, ట్రాము కోసం నిలబడ్డ ఆడవాళ్ళూ ఎవరితో యుద్ధం చేశారండీ? మనుషుల్లేని చోట ఒకటి వేసి చూపించొచ్చుగా? సరే, వేశారు. వెంటనే నాగసాకి మీద రెండోది దేనికి?"

"ఊరికే చూపిస్తే లొంగేవాళ్ళు కాదు."

"మీకెవరు చెప్పారు?"

"లొంగేవాళ్ళని మీకెవరు చెప్పారు?"

మాటా మాటా పెరిగింది. డాక్టరుగారు మాస్టారిని చాదస్తుడన్నారు. మాస్టారు డాక్టరుగారిని కసాయి అన్నారు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కంచాల్లో ఇంకా అన్నం ఉండగానే గిన్నెలు ఎత్తేశారు. ఆనాటి నుంచి బావగార్ల మధ్య మాటల్లేవు. మనవడి పుట్టినరోజుకి ఇద్దరూ వచ్చి, కేకుకి చెరో వైపూ నిలబడి, ఎవరి పాట వాళ్ళు పాడి వెళ్ళారు.

ఇంతలో మాస్టారికి కింది దవడ పన్ను నొప్పి పట్టుకుంది. ఆయన దానితో శాంతియుతంగా వ్యవహరించారు. లవంగం పెట్టారు. ఉప్పునీళ్ళు పుక్కిలించారు. "కాస్త టైమిస్తే అదే తగ్గుతుంది," అని ఇంట్లోవాళ్ళకు చెప్పారు. తగ్గలేదు సరికదా, బుగ్గ బూరెలా ఉబ్బింది. క్లాసులో ఆయన ఒక రాజవంశం గురించి చెబుతుంటే పిల్లలకు ఇంకేదో రాజవంశం వినిపించింది.

చివరికి కోడలు, అంటే డాక్టరుగారి కూతురు, ఆటో పిలిచింది. "మామయ్యగారూ, నాన్న తప్ప ఈ చుట్టుపక్కల పళ్ల డాక్టరు లేడు. మీరు మాట్లాడొద్దు. నోరు తెరిస్తే చాలు."

"అదే నా బాధ," అన్నారు మాస్టారు.

డాక్టరుగారు ఆయన్ని కుర్చీలో వెనక్కి వాల్చి, దీపం మొహం మీదికి దించారు. పన్ను తీసేయాల్సిందేనని తేల్చి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, బుగ్గ నిండా దూది కుక్కారు. అప్పుడు ఆయనకొక విషయం తట్టింది. ఇన్నాళ్ళకు బావగారు వింటున్నారు. తిరిగి అనలేరు.

"ఇప్పుడు చెప్పండి," అన్నారు పటకారు అందుకుంటూ. "లవంగంతో చర్చలు జరిపారు. ఉప్పునీళ్ళతో రాయబారం నడిపారు. ఏమైంది? ఒక్క దెబ్బ, అంతే, బాధంతా ముగిసిపోతుంది. ఆ రోజు వాళ్ళు చేసిందీ అదే."

పటకారు పన్ను మీద బిగిసింది. మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఆఆ... అహా... అహహా," అంటూ వేలు ఊపారు.

"రెండో బాంబు సంగతేనా? అక్కడికే వస్తున్నా."

మాస్టారు రెండు చేతులూ ఊపారు. కాలుతో కుర్చీని తన్నారు.

"మీ ఆవేశం నాకు తెలుసు బావగారూ. కానీ ముందు నన్ను చెప్పనివ్వండి," అంటూ డాక్టరుగారు మణికట్టు తిప్పి లాగారు. పన్ను వచ్చి ట్రేలో టంగుమని పడింది.

కోడలు తొంగి చూసింది. "నాన్నా, ఇది ముత్యంలా ఉందేంటి?"

డాక్టరుగారు ట్రేలోకి చూశారు, నోట్లోకి చూశారు, మళ్ళీ ట్రేలోకి చూశారు. పుచ్చిన పన్ను దవడలో దర్జాగా కూర్చునే ఉంది. ఊడొచ్చింది దాని పక్కది.

దూది తీయగానే మాస్టారు లేచి కూర్చున్నారు. జీవితంలో ఇంత గొప్ప ఉదాహరణ ఆయన చేతికి ఎప్పుడూ చిక్కలేదు. వేలెత్తి, గొంతు సవరించుకుని అన్నారు: "అహాయహుహు."

"ఏమంటున్నారమ్మా?" అన్నారు డాక్టరుగారు నీరసంగా.

"అమాయకులు అంటున్నారనుకుంటా," అంది కోడలు, మామగారి గడ్డం తుడుస్తూ.

మత్తు దిగేదాకా ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. డాక్టరుగారు స్టూలు మీద చతికిలబడి గ్లౌజులు విప్పడం కూడా మరిచిపోయారు. "మీరు చెబుతూనే ఉన్నారు బావగారూ. నేనది వాదన అనుకున్నాను. ఏ పన్నో చూడకుండా లాగేశాను," అన్నారు. ఊడిన పన్నుని అరచేతిలో పెట్టుకుని దూదితో తుడుస్తూనే ఉన్నారు.

మాస్టారి నాలుక అప్పటికి స్వాధీనంలోకి వచ్చింది. అనాల్సిన వాక్యం కూడా తయారుగా ఉంది. కానీ ఆ చేతుల్ని చూశాక అనబుద్ధి కాలేదు. "సరే, పుచ్చినదాని సంగతి చూడండి. నొప్పి అలాగే ఉంది," అన్నారు.

ఈసారి డాక్టరుగారు అద్దం పెట్టి, ఒక్కో పన్నూ తట్టి, "ఇదేనా? ఖాయమేనా? బాగా ఆలోచించుకోండి," అని అడిగారు. మాస్టారు విసిగిపోయి తల ఊపాక, పీకకుండా నాలుగైదు వారాలు పిలిపించి రూట్ కెనాల్ చేశారు. మధ్యలో ఒకసారి నెమ్మదిగా అన్నారు: "మొదట్లోనే వచ్చుంటే పుచ్చిన చోట కాస్త సిమెంటు పెడితే పోయేది."

"అది నా తప్పే. ఊరికే ఆగడం కూడా మంచితనమే అనుకున్నాను," అన్నారు మాస్టారు.

పోయిన పన్ను చోట డాక్టరుగారు కట్టుడు పన్ను తన ఖర్చుతోనే పెట్టించారు. అది రవ్వంత పొడుగైంది. దాంతో మాస్టారు "స" అన్నప్పుడల్లా సన్నగా ఈల వచ్చేది.

మళ్ళీ రెండిళ్ళవాళ్ళూ ఒకచోట భోజనానికి కూర్చున్న రోజున, యుద్ధాల మాట ఎత్తకూడదని వియ్యపురాళ్ళు ముందే హెచ్చరించారు. డాక్టరుగారు కాసేపు ఓర్చుకున్నారు.

"ఆ బాంబుతోనే యుద్ధం ఆగిందన్న మాట మాత్రం నేను వదలను," అన్నారు. తర్వాత కంచం వైపు చూస్తూ, "కాకపోతే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళని ఎవరూ అడగలేదు. అది నాకీమధ్య నిద్రపట్టనివ్వడం లేదు," అన్నారు.

మాస్టారు ముద్ద దించారు. "యుద్ధం ఆపకుండా ఉంటే ఎందరు పోయేవాళ్ళో నాకూ తెలీదు బావగారూ. అంతా ఎరిగినట్టు మాట్లాడాను. కానీ సామాన్యజనం..."

ఈల మోగింది. మనవడు ఇంకోసారి అనమన్నాడు. మాస్టారు గంభీరంగా "సామాన్యజనం" అని మళ్ళీ అన్నారు, మళ్ళీ మోగింది. వియ్యపురాళ్ళు కొంగు అడ్డుపెట్టుకుని నవ్వారు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, "మీరు చెప్పండి, వింటున్నాను," అన్నారు.