మొదటి మంచుదాకా ముసుగు

ఆగస్టు సంతలో డెల్ఫీనా బల్ల మీద ఆమె గీసిన బొమ్మలన్నీ తెరిచే ఉన్నాయి, ఒక్క పెద్దది తప్ప. దాన్ని పిండిసంచి గుడ్డతో కప్పి తాడు బిగించింది. ఎవరడిగినా చలికాలం ఇంటికి రండి, చూపిస్తానని చెప్పేది. అడిగినవాళ్లు నవ్వుకుంటూ పోయేవారు.

పక్కన రొట్టెలు కాల్చే బెర్థా పొద్దున్నుంచీ ఊరుకోలేదు. "కప్పిపెట్టి అమ్మేదాన్ని నిన్నే చూశానమ్మా. రేపట్నుంచి నేనూ రొట్టెల మీద మూత తీయను," అంది.

డెల్ఫీనా తాడుకి ఇంకో ముడి వేసింది. ఆమెకు బొమ్మలు ఎవరూ నేర్పలేదు. ఇంట్లో ఆడవాళ్లంతా మగ్గం ముందు కూర్చుంటే, తను గొర్రెల వెనక తిరుగుతూ బండల మీద బొగ్గుతో గీసింది. తర్వాత పాత అలమార తలుపుల మీద, గోడలకు వేయగా మిగిలిన రంగులతో. అమ్మకు అది పనిలా కనబడలేదు. మేనమామ చెస్టర్‌కి పొగరులా కనబడింది.

ఆ చెస్టరే సంతకు పెద్ద. ఎవరి బల్ల ఉండాలో, ఎవరిది పోవాలో ఆయన మాటే. మధ్యాహ్నం వచ్చి, పలకరింపు లేకుండా కర్రతో ముసుగును పొడిచాడు. కింద ఏముందో ఎవరో ముందే చేరవేశారు. తమ తెగలో మంచు పడేదాకా నోటితో కూడా చెప్పకూడని కథను సంతకు మోసుకొచ్చిందని, పాములు తిరిగే, పిడుగులు పడే కాలంలో అందరికీ కీడు తెస్తోందని జనం వినేలా తిట్టాడు. బల్ల ఎత్తేయమన్నాడు.

గీసింది జనవరిలోనేనని, విప్పేదీ మంచు పడ్డాకేనని డెల్ఫీనా గొణిగింది. ఈ బల్ల పోతే ఆమె బొమ్మలు పెట్టుకోవడానికి మరో చోటు లేదు.

"విప్పడానికి ఏముంది అందులో? మగ్గం రాదు, పెద్దవాళ్ల దగ్గర కూర్చుని విన్నదీ లేదు. చూడండి దీని పనితనం," అంటూ చెస్టర్ తాడు లాగి గుడ్డ తీసేశాడు.

నల్లటి తలుపు నిండా చుక్కలు. మూలన, దుప్పటి అంచు పట్టుకుని వాటిని ఆకాశంలోకి విదిలిస్తున్న గుంటనక్క.

చెస్టర్ వంగి చూశాడు. "తప్పు. కుడిచేత్తో కాదు పట్టుకున్నది. పెద్దలు ఆకాశంలో ఒక్కో చుక్కా కుదురుగా పెడుతున్నారు. ఈ నక్కకి ఓపిక లేదు. వచ్చి దుప్పటిని..."

ఆయన గొంతు మారింది. చలి రాత్రుల్లో పొయ్యి పక్కన పిల్లలకు కథ చెప్పే గొంతు అది. చెయ్యి కూడా విదిలించబోతున్నట్టు పైకి లేచింది.

బెర్థా రొట్టె తిప్పడం ఆపేసింది. ఒక ముసలామె మనవరాలి చెవులు మూసింది.

"మామయ్యా, ఇది ఆగస్టు," అంది డెల్ఫీనా.

లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బెర్థా వేలు ఎత్తకుండా, పెదవులు ముందుకు చాచి దూరంగా ఉన్న ఎర్రకొండల వైపు చూపించింది. అక్కడ పిడుగుల మబ్బు ఉంది.

గుడ్డ ఆయనే కప్పాడు. ముడులు గట్టిగా వేశాడు. బల్ల సంగతి మళ్లీ ఎత్తలేదు. "మంచు పడనీ. వచ్చి ఎన్ని తప్పులున్నాయో అన్నీ చెప్తా," అన్నాడు పళ్లు బిగించి.

"రా మామయ్యా. కుడిచెయ్యి మాత్రం దిద్దను."

ఆయన వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. డెల్ఫీనా ముసుగు బొమ్మను ఎత్తి, బల్లకు ముందువైపు పెట్టింది.